అడగందే ఓడ కదలదు

అందులో కెప్టెన్ ఉంటాడు. ఇంజినీర్లుంటారు. సర్జన్లు, నర్సులు, వంటవాళ్ళు, గదులు తుడిచేవాళ్ళు, సిబ్బంది పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లు... అందరూ ఉంటారు. పొద్దస్తమానం పనే. కానీ దేశదేశాల నుంచి వచ్చి ఆ ఓడ ఎక్కినవాళ్ళలో నెల తిరిగేసరికి జీతం అందుకునేవాళ్ళు దాదాపు ఉండరు. అంతేనా... తినే తిండికీ పడుకునే మంచానికీ తామే డబ్బు కట్టి మరీ పనిచేయడం దశాబ్దాల పాటు అక్కడి ఆనవాయితీ. విమానం టిక్కెట్టు, టీకాలు, బీమా ఖర్చులు సరేసరి! ఏదో ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకునే ఓ మామూలు నర్సుకి అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఆఫ్రికా తీరానికి బయల్దేరే ముందు ఆమె ఇంకో ప్రయాణం చేయాలి. చుట్టాల దగ్గరికి, స్నేహితుల దగ్గరికి, ప్రతి ఆదివారం తను వెళ్ళే చర్చికి... చేయి చాచుకుంటూ.

చాలామందికి ఆఫ్రికా కంటే ఈ ప్రయాణమే కష్టం.

ఆ ఓడలు 'మెర్సీ షిప్స్' అనే క్రైస్తవ సేవాసంస్థవి. ఆసుపత్రినే ఓడలో పెట్టుకుని పేద దేశాల రేవులకు వెళ్తాయి. నెలల తరబడి అక్కడే ఉండి గ్రహణం మొర్రి, ముఖం మీద పెరిగిన కణుతులు, వంకర తిరిగిన కాళ్ళు, కంటి శుక్లాలు, కాలి అతుక్కుపోయిన చేతులు... ఇలాంటివాటికి ఉచితంగా ఆపరేషన్లు చేస్తాయి. రోగిది ఏ మతమైనా ఒకటే.

అమెరికాకు చెందిన డాన్ స్టీఫెన్స్‌కు ఈ ఆలోచన కుర్రతనంలోనే పడింది. 1964లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఓ క్రైస్తవ యువజన బృందంతో ఆయన బహామాస్ దీవులకు సేవాయాత్రకు వెళ్ళారు. అక్కడ పెద్ద తుపాను వచ్చింది. డాక్టర్లూ నర్సులూ ఉన్న ఓడ ఒకటుంటే ఎంత బాగుండేదో అని బృందంలో ఒకమ్మాయి అన్న మాట ఆయన చెవిలో ఉండిపోయింది. తర్వాత కొన్నేళ్ళకు ఆయన కొడుకు జాన్ పాల్ తీవ్రమైన వైకల్యంతో పుట్టాడు. ఆ దిగులులో ఉన్నప్పుడే కలకత్తాలో మదర్ థెరిసాను కలిశారు. మీరు నడవాల్సిన దారిలో ఈ బిడ్డే మీకు సాయమవుతాడన్న అర్థం వచ్చేలా ఆవిడ చెప్పిన మాటను స్టీఫెన్స్ తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నారు.

1978లో భార్య డెయాన్‌తో కలిసి స్విట్జర్లాండ్‌లో సంస్థను ప్రారంభించి, 'విక్టోరియా' అనే పాత ఇటలీ ఓడను 10 లక్షల డాలర్లకు కొన్నారు. ఒకప్పుడు ఇటలీ నుంచి బొంబాయి మీదుగా హాంకాంగ్ దాకా ప్రయాణికులను చేరవేసిన ఓడే అది. కొనడమైతే కొన్నారు గానీ దాన్ని బాగుచేసి గ్రీసు తీరం నుంచి కదిలించేసరికి 1982 వచ్చింది. 'అనస్టాసిస్' అని పేరు మార్చుకున్న ఆ ఓడ పాతికేళ్ళు పనిచేసి, చివరికి 2007లో మన గుజరాత్‌లోనే, ఓడలు విరగ్గొట్టే అలంగ్ తీరంలో ఆగిపోయింది. దాని పని అందుకున్న 'ఆఫ్రికా మెర్సీ' అంతకుముందు డెన్మార్క్‌లో రైళ్ళను మోసిన ఓడ. 'గ్లోబల్ మెర్సీ'ని మాత్రం ఆసుపత్రి కోసమే ప్రత్యేకంగా చైనాలో కట్టించారు. 2021లో సంస్థ చేతికొచ్చింది. అందులో 6 ఆపరేషన్ థియేటర్లు, దాదాపు 640 మంది సిబ్బందికి చోటు.

అంతమందిలో చాలామంది వెనక ఓ చందాల కథ ఉంటుంది.

ఫ్రిజ్ మీద ఫొటో

మొదట రాయాల్సింది ఉత్తరం. నేను ఫలానా, ఫలానా దేశం వెళ్తున్నాను, ఇన్ని నెలలుంటాను, చేసే పని ఇదీ, అయ్యే ఖర్చు ఇంత... అంతా ఒక్క పేజీలో సర్దాలి. చివర్లో రెండు విన్నపాలు. ఒకటి, నా కోసం ప్రార్థన చేయండి. రెండోది, వీలైతే డబ్బు సాయం చేయండి. ప్రార్థన అడగడం తేలికే. దాని కింది వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోతుంది. నాలుగు రాత్రులు కూర్చున్నా ఆ వాక్యం కుదరదు. 'మీకు తోచినంత' అని రాస్తే మొహమాటంగా ఉంటుంది గానీ పని జరగదు. విమానం టిక్కెట్టుకి ఇంత, టీకాలకు ఇంత, నెల ఖర్చు ఇంత అని విడివిడిగా రాస్తే ఇచ్చేవాళ్ళకు దారి తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే మొదటి పాఠం ఇదే.

రెండో పాఠం జాబితా. తెలిసినవాళ్ళందరి పేర్లూ రాసుకోవాలి. చర్చిలో వాళ్ళు, బంధువులు, పాత ఆఫీసులో పక్క కుర్చీ వాళ్ళు, చిన్నప్పటి టీచరు, పళ్ళ డాక్టరు... ఎవర్నీ వదలకూడదు. ఎవరిస్తారో ఎవరివ్వరో ముందే మనం తీర్పు చెప్పేయకూడదట. తప్పక ఇస్తారనుకున్న పెద్ద ఇంటివాళ్ళ నుంచి జవాబే రాకపోవడం, పింఛను మీద బతికే ముసలమ్మ నుంచి చెక్కు రావడం... ఇలాంటివి ఆ దారిలో నడిచినవాళ్ళు తరచూ చెప్పే సంగతులు. 'ఉద్యోగం చేస్తున్నావుగా, నీ డబ్బుతోనే వెళ్ళొచ్చుగా' అని మొహమ్మీదే అడిగే బాబాయిలు అక్కడా ఉంటారు. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పగలగడం కూడా తయారీలో భాగమే. నిజానికి జీతం నష్టపోయి, ఇంటి అప్పు వాయిదాలు ఎలా కట్టాలో చూసుకుని, ఆ పైన చందా అడుగుతున్నవాళ్ళే ఎక్కువ.

ఉత్తరంతో పాటు చిన్న ఫొటో కార్డు ఒకటి పంపడం అమెరికా చర్చిల్లో పాత అలవాటు. అది చేరిన ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం బిళ్ళ కింద చేరుతుంది. మన ఇళ్ళలో శుభలేఖను షోకేసులో నిలబెట్టినట్టు! పాలు తీయడానికి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ మొహం కనిపిస్తుంది. గుర్తొచ్చినప్పుడు ఓ ప్రార్థన, నెలాఖరున ఓ చెక్కు.

అదే పది పదిహేను మంది కుర్రాళ్ళు కలిసి వెళ్ళే యాత్రయితే పద్ధతులు వేరు. కార్లు కడుగుతారు. కేకులు చేసి అమ్ముతారు. చర్చి హాల్లో శనివారం పొద్దున్నే పాన్‌కేకుల టిఫిను పెట్టి, తిన్నవాళ్ళ దగ్గర విరాళం తీసుకుంటారు. అన్నిట్లోకీ సరదా అయింది ఫ్లెమింగోల వ్యవహారం. గులాబీరంగు ప్లాస్టిక్ కొంగల్ని ఓ పాతిక ముప్ఫై తెచ్చి, రాత్రికి రాత్రి ఎవరో ఒక సంఘస్థుడి ఇంటి ముందు గడ్డిలో గుచ్చి వెళ్ళిపోతారు. పొద్దున్నే లేచి చూసుకున్న ఇంటాయన వాటిని తీయించుకోవాలంటే విరాళం ఇవ్వాలి. ఇంకొంచెం ఇస్తే, తర్వాత ఎవరింటి ముందు గుచ్చాలో కూడా ఆయనే చెప్పొచ్చు! ఇంగ్లాండులో అయితే 'ఇన్ని మైళ్ళు నడుస్తాను, మైలుకింత ఇవ్వండి' అనడం ఎక్కువ. అక్కడ ఇంకో వెసులుబాటుంది. 'గిఫ్ట్ ఎయిడ్' పథకం కింద, పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు కలిపి సేవాసంస్థకు ఇస్తుంది.

ఇందులో కొత్తవాళ్ళు తెల్లబోయే చోటు ఒకటుంది. అమెరికాలో దాతకు పన్ను మినహాయింపు రావాలంటే డబ్బు మనిషికి కాదు, సంస్థకు ఇవ్వాలి. ఇచ్చాక దాని మీద అధికారం సంస్థదే. చివరి నిమిషంలో ప్రయాణం ఆగిపోయినా ఆ సొమ్ము సాధారణంగా తిరిగి రాదు. ఆ సంగతి ఉత్తరంలోనే రాసెయ్యడం మంచిది. లేదంటే, అత్తయ్య ఇచ్చిన వంద డాలర్ల గురించి పండగ భోజనాల దగ్గర ఏడాది పొడవునా వినాల్సి వస్తుంది.

నశ్యం డబ్బా... పక్కగది

ఈ అడగడం నిన్న మొన్న మొదలైంది కాదు. 1792 అక్టోబరు 2న ఇంగ్లాండులోని కెటరింగ్ అనే ఊళ్ళో, ఓ వితంతువు ఇంటి వెనక గదిలో కొందరు బాప్టిస్టు పాస్టర్లు కూర్చున్నారు. ఎవరెంత ఇస్తారో కాగితాల మీద రాసి ఓ నశ్యం డబ్బాలో వేశారు. లెక్క చూస్తే 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఆ డబ్బుతో మొదలైన సంఘమే మరుసటి ఏడాది విలియం కేరీని బెంగాల్‌కు పంపింది. మొదట ఎక్కిన ఓడలోంచి అనుమతి పత్రం లేదని దించేశారు. మొదట రానన్న భార్య ఈలోగా సరేనంది. దాంతో కుటుంబం మొత్తానికి మళ్ళీ టిక్కెట్ల డబ్బు పోగుచేసుకోవాల్సి వచ్చింది! చెప్పులు కుట్టి బతికిన ఆ కేరీయే తర్వాత శ్రీరాంపూర్‌లో భాషలకు వ్యాకరణాలు రాస్తూ, 1814లో తెలుగుకీ ఒకటి రాశాడు.

మనవాళ్ళకు ఇంకా దగ్గర కథ వెల్లూరుది. ఆడవాళ్ళను చూడటానికి మగ డాక్టర్లను రానివ్వని రోజులవి. తమిళనాట మిషనరీ డాక్టరు కూతురైన ఐడా స్కడర్, ఒకే రాత్రి ముగ్గురు గర్భిణుల కోసం మనుషులొచ్చి సాయమడగడం, మగ డాక్టరు వద్దనడంతో ఆ ముగ్గురూ చనిపోవడం కళ్ళారా చూసింది. అమెరికా వెళ్ళి డాక్టరై, 1899లో తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఆడవాళ్ళ ఆసుపత్రి కోసం 8 వేల డాలర్లు పోగుచేసే పని మీద పడింది. ఓడ ఎక్కే రోజు దగ్గరపడుతోంది. తిరిగిన చోటల్లా చిల్లరే తప్ప పెద్ద మొత్తం రాలేదు. న్యూయార్క్‌లో ఓ పెద్దావిడ ఇంట్లో కూర్చుని వెల్లూరు సంగతులు చెబుతుంటే, పక్కగదిలో ఉన్న ఆవిడ బావగారు రాబర్ట్ షెల్ ఆ మాటలన్నీ విన్నాడు. మర్నాడు ఆమెను పిలిపించి, చనిపోయిన తన భార్య జ్ఞాపకంగా పదివేల డాలర్లు ఇచ్చాడు. 1902లో వెల్లూరులో తెరిచిన మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి అదే. తర్వాత అది సీఎంసీ కంటి ఆసుపత్రి అయింది. చిత్తూరు జిల్లా నుంచి కళ్ళ కోసం వెల్లూరు వెళ్ళినవాళ్ళకు 'షెల్' పేరు కొత్త కాదు.

అసలు అడగనే కూడదన్నవాళ్ళూ ఉన్నారు. 1865లో చైనా ఇన్‌లాండ్ మిషన్ స్థాపించిన హడ్సన్ టేలర్, మనుషుల్ని అడగం, చందా పళ్ళెం తిప్పం, దేవుణ్ణే అడుగుతాం అని నియమం పెట్టుకున్నాడు. అడగనని అందరికీ తెలిసేలా చెప్పడమూ ఓ రకంగా అడగడమేగా అనిపించక మానదు. అది వేరే సంగతి.

మిజోరంలో ఇంకో దారి పట్టారు. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఇల్లాలు ఓ పిడికెడు పక్కన కుండలో వేస్తుంది. వారానికోసారి చర్చికి చేరుస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చికి, మిషనరీలను పంపడానికి. వాళ్ళ భాషలో 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారు. 1910లో మొదలైన ఆ పిడికిళ్ళు తర్వాత ఏటా కోట్ల రూపాయలయ్యాయి. పిడికెడు బియ్యం పద్ధతి తెలుగు సంఘాల్లో స్త్రీల సమాజాలకూ తెలిసిందే. ఇక్కడ ఉత్తరం లేదు, మొహమాటం లేదు. కాకపోతే ఆ పిడికెడు లేకపోయినా ఇంట్లో అందరికీ సరిపోవాలి. ఆ లెక్క ఇల్లాలే చూసుకోవాలి.

పసుపు కార్డు

డబ్బు సగం పోగయ్యేసరికి రెండో పని మొదలవుతుంది. పోలీసు ధ్రువపత్రం, డాక్టరు పరీక్ష, పాస్టరు ఇచ్చే పరిచయ లేఖ. అన్నిటికంటే ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. పశ్చిమ ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఆ పసుపురంగు కార్డు చూపించనిదే లోపలికి రానివ్వరు. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు. ఒకప్పుడు పదేళ్ళకోసారి వేయించుకోవాల్సి వచ్చేది. 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి ఆఫ్రికా దేశాలకు వెళ్ళినవాళ్ళలో చాలామంది నారాయణగూడ ఐపీఎం మెట్లెక్కింది ఈ కార్డు కోసమే. మలేరియాకు టీకా కాదు, మాత్రలు. బయల్దేరక ముందే మొదలుపెట్టాలి.

సూట్‌కేసులో సర్దుకోలేనివీ కొన్నుంటాయి. ఆఫ్రికా మెర్సీలో స్నానానికి రెండు నిమిషాలే నీళ్ళు. చిన్న గదిలో ఇంకొకరితో సర్దుకోవాలి. వార్డులో రోగి మంచం మీద ఉంటే, తోడొచ్చిన తల్లో తమ్ముడో అదే మంచం కింద పరుపు వేసుకుని పడుకుంటారు. వాళ్ళను దాటుకుంటూ సెలైన్ మార్చడం నర్సులు అక్కడే నేర్చుకుంటారు. ఓడలో పెద్ద రక్తనిధి ఉండదు. సిబ్బందే రక్తనిధి! వంటింట్లో కూరగాయలు తరుగుతున్న మనిషికి కబురొస్తుంది. చేతులు కడుక్కుని వెళ్ళి రక్తమిచ్చి వస్తాడు. తను వండిపెట్టే వార్డులోనే, తన రక్తం ఎక్కించుకున్న మనిషి కోలుకుంటూ ఉంటాడు.

అన్నిటికంటే కష్టమైన తయారీ చూపుకి సంబంధించింది. దవడ నుంచి పెరిగిన కణితి ముఖమంత అయి, ఏళ్ళ తరబడి గుడ్డ కప్పుకుని తిరిగిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. ఊళ్ళో అందరూ మొహం తిప్పుకున్నవాళ్ళే. వచ్చిన నర్సు కూడా ఒక్క క్షణం కళ్ళు దించిందంటే ఆ మనిషికి తెలిసిపోతుంది. అమెరికాకు చెందిన సర్జన్ గ్యారీ పార్కర్ 1980ల్లో మూడు నెలలకని ఆ ఓడ ఎక్కి, ఇలాంటి ముఖాలను సరిచేస్తూ మూడు దశాబ్దాలకు పైగా ఉండిపోయారు. పెళ్ళి ఓడలో పరిచయమైన అమ్మాయితోనే. ఇద్దరు పిల్లలు పెరిగిందీ ఓడలోనే. మూడు నెలల ప్రయాణానికి చందా ఇచ్చినవాళ్ళు పాపం ఇన్నేళ్ళ లెక్క ఊహించి ఉండరు.

ఆ డబ్బే పంపితే పోదా?

ఇక్కడే ఓ ముళ్ళలాంటి ప్రశ్న. ఇంత ఖర్చుపెట్టి మనిషి వెళ్ళే బదులు ఆ డబ్బే అక్కడికి పంపితే పోదా?

ఊరికే వచ్చిన ప్రశ్న కాదిది. 2005 నాటి సర్వే ఆధారంగా ప్రిన్స్‌టన్ ఆచార్యుడు రాబర్ట్ వుత్నౌ వేసిన అంచనా ప్రకారం అమెరికా చర్చిల నుంచి ఏడాదికి 16 లక్షల మంది ఇలాంటి చిన్న సేవాయాత్రలకు విదేశాలు వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది సర్జన్లు కారు. గోడలకు రంగులు వేయడానికీ, ఇళ్ళు కట్టడానికీ ఓ వారం పది రోజులకు వెళ్ళిన మామూలు మనుషులు. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ముంచేశాక అలాంటి బృందాలెన్నో వెళ్ళి ఇళ్ళు కట్టాయి. అక్కడే ఉండి పరిశోధన చేసిన సామాజికవేత్త కర్ట్ వెర్ బీక్ లెక్కలు తీశాడు. ఆయనా క్రైస్తవుడే, చెప్పింది క్రైస్తవ కళాశాల ఆచార్యుడిగానే. విమానం ఖర్చులతో కలిపి ఒక బృందం ఓ ఇల్లు కట్టడానికి అయింది సుమారు 30 వేల డాలర్లు. అదే ఇంటికి స్థానిక క్రైస్తవ సంస్థకు అయ్యేది 2 వేలు. అంటే ఒక ఇంటి ఖర్చుతో పదిహేను ఇళ్ళు! పైగా ఇల్లు ఎవరు కట్టారన్నదాన్ని బట్టి అందులో ఉండేవాళ్ళ బతుకుల్లో తేడా ఏమీ ఆయనకు కనిపించలేదు. కార్లు కడిగి, కేకులమ్మి, కొంగలు గుచ్చి పోగుచేసిన డబ్బు మరి!

అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, 1968లో, కాథలిక్ మతగురువు ఇవాన్ ఇల్లిచ్ మెక్సికోలో అమెరికా విద్యార్థుల ముందు నిలబడి, సాయం చేస్తామని రాకండి, చూడటానికీ నేర్చుకోవడానికీ రండి అని కుండబద్దలు కొట్టారు. అనాథాశ్రమాల్లో వారం రోజులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చే యాత్రల మీదైతే ఇంకా గట్టి అభ్యంతరాలున్నాయి. చూడటానికి వచ్చేవాళ్ళ కోసమే పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తెచ్చి పెడుతున్న చోట్లున్నాయని తేలాక, ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ సంగతీ చర్చకొచ్చింది.

మరి ఓడ సంగతి? ఇటుకలు పేర్చే మనిషి హోండురాస్‌లోనే దొరుకుతాడు. దవడ కణితి తీసి, ఎముక అతికించి, మళ్ళీ ముఖం నిలబెట్టే సర్జన్ సియెర్రా లియోన్‌లో అంత సులువుగా దొరకడు. ప్రపంచంలో 500 కోట్ల మందికి క్షేమమైన శస్త్రచికిత్స అందుబాటులో లేదని 2015లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. ఆ లోటు టిక్కెట్టు డబ్బు పంపితే పూడేది కాదు. అందుకే ఖర్చు న్యాయమే అనిపిస్తుంది. అయినా ఓడ ఏదో ఒకరోజు వెళ్ళిపోయేదే. ఆ తర్వాత వచ్చే రోగుల మాటేమిటని విమర్శకులు అడుగుతూనే వచ్చారు. సంస్థ కూడా పోనుపోను స్థానిక సర్జన్లకు, మత్తు డాక్టర్లకు శిక్షణ ఇవ్వడం మీదికి మళ్ళింది. గినీ రాజధాని కొనాక్రీలో విశ్వవిద్యాలయంతో కలిసి దంతవైద్య విద్యకు చేయూతనిచ్చింది.

ఉన్నన్నాళ్ళూ కూడా అందరినీ చూడలేరు. రోగులను ఎంపిక చేసే రోజున తెల్లారకముందే వేలమంది బారులు తీరతారు. ఓడలో చేయగలిగిన ఆపరేషనేనా కాదా అని ఒక్కొక్కర్నీ చూసి చెప్పాలి. చాలామందికి 'కాదు' అనే చెప్పాల్సి వస్తుంది. కొండలు దాటి నడిచొచ్చిన తండ్రికి, భుజాన నిద్రపోతున్న బిడ్డ ముందు ఆ మాట చెప్పాలి. ఆరు నెలల పాటు 'మీ సాయంతో వీళ్ళకు ఆపరేషన్ జరుగుతుంది' అని ఉత్తరాలు రాసిన చేతులే ఆ రోజు వాళ్ళను గేటు దాకా సాగనంపుతాయి.

తిరిగొచ్చాక మళ్ళీ ఉత్తరాలే. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏం చేశాం అని ఇచ్చినవాళ్ళందరికీ రాయాలి. ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో ఫొటోలు చూపించమంటారు. రోగుల ఫొటోలు వాళ్ళ అనుమతి లేకుండా చూపకూడదన్నది ఓడలో నేర్పిన నియమం. కాబట్టి తెర మీద ఎక్కువగా ఓడే కనిపిస్తుంది. బాగైనవాళ్ళ సంగతి చెప్పడం తేలికే. గేటు దాకా సాగనంపినవాళ్ళ సంగతి పది డాలర్లిచ్చిన ముసలమ్మకు రాయాలా వద్దా అన్న దగ్గర పెన్ను మళ్ళీ ఆగుతుంది. రాసేవాళ్ళు రాస్తారు.

టేబుల్ మీద ఆ ఉత్తరాల పక్కనే మాత్రల అట్ట ఉంటుంది. ఇల్లు చేరాం కదా అని మానెయ్యకూడదు. ఏ రకం ఇచ్చారన్నదాన్ని బట్టి ఇంకో వారమో, నాలుగు వారాలో వేసుకోవాలి.